గోస్తనీ ముఖద్వారమున గాలి, కెరటము, పక్షి

విశాఖపట్టణమునకు ఉత్తరముగా ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున, భీమిలి యనబడు భీమునిపట్నమువద్ద, గోస్తనీ నది బంగాళాఖాతములో కలియుచున్నది. అరకులోయకు ఆనుకొనియున్న అనంతగిరి కొండలలో జన్మించి, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న బొర్రా గుహల సున్నపురాతిలో దారి చేసికొని, తాటిపూడి జలాశయమును నింపి, పిదప మైదానమున మెల్లమెల్లగా నడచి వచ్చు నీ చిన్ననది ప్రయాణము సుమారు 120 కిలోమీటర్లతోనే ముగిసిపోవును. గోదావరివలె దేశములు దాటి వచ్చిన నది కాకపోవుటచేత దీని కథను ఆద్యంతము ఒక్కచూపులో పట్టుకొనుట సాధ్యము. కొండపై కురిసిన వాన తీరమునకు ఏమి తెచ్చునో, తీరమునుండి లేచిన గాలి కొండకు ఏమి కొనిపోవునో పరీక్షింపగోరు వానికి తెలుగుదేశమున ఇంతకంటె అనువైన తావు అరుదు.

గాలి బలముగా వీచు దినమున ఈ ముఖద్వారమువద్ద నిలిచి చూచువానికి కెరటములును, వానిపై ఎగురు పక్షులును, కాలిక్రింద జారిపోవు ఇసుకయు వేర్వేరు వింతలుగా తోచుట సహజము. కాని శాస్త్రదృష్టితో చూచినచో ఆ మూడింటిని నడుపుచున్న మూలధనము ఒక్కటియే. అది గాలిలోని శక్తి. ఆ శక్తి నీటిలో కెరటమై, పక్షిరెక్కక్రింద ఆధారమై, ఒడ్డున ఇసుకను వేరుపరచు చేటయై ఖర్చగుచున్నది. ఇంతేకాదు, ఆ గాలియే కొండలెక్కి వర్షించి, మరల నదిరూపమున ఒడ్డునకు ఇసుకను చేర్చుచున్నది. కావున సముద్రతీరమును అర్థము చేసికొనగోరువాడు తీరముతో తృప్తిపడక అరకు కొండలవరకును తన దృష్టిని సారింపవలెనని ఈ అధ్యాయమున నిరూపింప దలచితిని.

మన తీరమునకు గాలి వచ్చు మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది దినచర్యకు సంబంధించినది. సూర్యుడు పైకి వచ్చినకొలదియు నేల త్వరగా వేడెక్కును. నీరు వేడెక్కుటకు ఎక్కువ కాలము పట్టును. వేడెక్కిన నేలపైని గాలి తేలికయై లేవగా, సముద్రముమీది చల్లని గాలి లోపలికి చొచ్చుకొని వచ్చును. మధ్యాహ్నమగునప్పటికి భీమిలి ఒడ్డున తాటియాకులు గలగలలాడుటకు ఇదియే కారణము. రెండవది ఋతువులకు సంబంధించినది. మార్చి మొదలు సెప్టెంబరువరకు గాలి ప్రాయికముగా నైరృతి దిక్కునుండియు, అక్టోబరు మొదలు జనవరివరకు ఈశాన్య దిక్కునుండియు వీచును. ఇచ్చట తీరరేఖయు నైరృతినుండి ఈశాన్యమునకే సాగియుండుటచేత, ఋతుపవనము ఒడ్డును వెంబడించి పోవునట్లు వీచుట ఈ తీరమునకు గల విశేషము. దీని ఫలము ముందు ముందు తెలియగలదు.

ప్రశాంతమైన నీటిమీద గాలి కెరటమును ఎట్లు పుట్టించును? గాలి ఎన్నడును సమానమైన ఒత్తిడితో వీవదు. అందు చిన్నచిన్న సుడులు, హెచ్చుతగ్గులు నిరంతరముగా ఉండును. ఆ ఒత్తిడి భేదములు నీటితలమును ముడుతలుపడజేయును. ఒకసారి ముడుత ఏర్పడినపిమ్మట గాలికి పట్టు దొరకును. ముడుతయొక్క గాలివైపు ముఖముమీద ఒత్తిడి ఎక్కువగను, మరుగువైపు ముఖముమీద తక్కువగను ఉండుటచే అది పెరుగును. పెరిగినకొలదియు గాలికి మరింత చిక్కును. 1957లో ఫిలిప్స్, మైల్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ వ్యాపారములోని రెండు భాగములను వేర్వేరుగా గణితమునకు లోబరచి, ఒకరు మొలకను, మరియొకరు ఎదుగుదలను వివరించిరి. కెరటమెంత పెద్దదగునన్నది గాలి వేగముమీదను, అది ఎంతసేపు వీచెనన్నదానిమీదను, ఎంత దూరము అడ్డులేక నీటిమీద పరుగెత్తెనన్నదానిమీదను ఆధారపడియుండును. తాటిపూడి జలాశయముపై అదే గాలి ఎంత విసరుగా వీచినను అలలు మోకాలెత్తు దాటుట కష్టము. కారణము, జలాశయము గాలికి తగిన పరుగుదూరము ఈయలేదు. బంగాళాఖాతమో, దక్షిణదిక్కున వేలకొలది కిలోమీటర్లు తెరచియున్నది.

కెరటముతోపాటు నీరును ముందుకు వచ్చుచున్నదని చూచువారు భ్రమపడుదురు. అరకులోయలో కార్తీక మార్గశిర మాసములందు వలిసె చేలు పసుపుపూలతో నిండియున్నప్పుడు గాలి వీచినచో, చేని ఈ గట్టునుండి ఆ గట్టువరకు ఒక తరగ పరుగెత్తిపోవుట కన్పట్టును. కాని ఏ మొక్కయు తన పాదు విడిచి కదలదు, ప్రతి మొక్కయు వంగి లేచి తన స్థానముననే నిలుచును. సముద్రమునందలి నీటికణమును దాదాపు అట్లే ప్రవర్తించును. కెరటశిఖరము దాటుచున్నంతసేపు ముందుకును, పల్లము దాటుచున్నంతసేపు వెనుకకును కదలి, ఒక వృత్తమును పూర్తిచేసి, ఇంచుమించుగా మొదటి చోటికే చేరును. బొహీమియా దేశపు గణితజ్ఞుడు గెర్స్ట్‌నర్ 1802లోనే ఈ వృత్తచలనమును గణితరూపమున ప్రకటించెను. లోతునకు పోయినకొలదియు ఆ వృత్తములు త్వరత్వరగా చిన్నవగును; కెరటపు పొడవులో సగము లోతునకు దిగునప్పటికి చలనము పైతలమున ఉన్నదానిలో ఇరువదిమూడవ వంతుమాత్రమే మిగులును. పైన తుపాను చెలరేగుచున్నను, చాలినంత లోతున చేపలు నిశ్చింతగా ఉండుటకు ఇది హేతువు.

ఇక చేతిగడియారము తప్ప వేరు పరికరము అక్కరలేని ఒక పరీక్షను వివరించెదను. ఒడ్డుననుండి విరిగిపడు కెరటములను పదింటిని వరుసగా లెక్కించి, ఆ కాలమును పదితో భాగించినచో ఒక్కొక్క కెరటపు వ్యవధి తెలియును. ఆ వ్యవధిని 1.56తో హెచ్చించినచో, లోతైన సముద్రమున ఆ కెరటము సెకనుకెన్ని మీటర్ల వేగముతో ప్రయాణము చేసెనో వచ్చును. ఆ వేగమును తిరిగి వ్యవధితో హెచ్చించినచో కెరటపు పొడవు వచ్చును. వ్యవధి 8 సెకనులైనచో వేగము సెకనుకు సుమారు 12.5 మీటర్లు, పొడవు 100 మీటర్లు. ఇట్టివి సాధారణముగా సమీప సముద్రమున వీచు గాలి పుట్టించినవి. వ్యవధి 14 సెకనులైనచో పొడవు 300 మీటర్లు దాటును. ఇట్టి దీర్ఘకెరటములను మన ఒడ్డున వీచు గాలి పుట్టింపజాలదు. అవి దక్షిణార్ధగోళమున, నలుబదవ అక్షాంశమునకు దిగువ, నిత్యము హోరెత్తు గాలులలో పుట్టినవి. కెరటముల గుంపు తన శక్తిని విడికెరటపు వేగములో సగము వేగముతోనే మోసికొనిపోవును గనుక, 14 సెకనుల కెరటములు దినమునకు 940 కిలోమీటర్ల చొప్పున నడచి, ఆరువేల కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమును వారము దినములలో దాటి భీమిలికి చేరును. గాలి ఇచ్చట నిలిచిపోయినను కెరటములు నిలువకుండుటకు కారణమిదియే. 1957లో వాల్టర్ మంక్, స్నాడ్‌గ్రాస్ అనువారు మెక్సికో తీరమునకు దూరముననున్న ద్వీపమువద్ద కొలచిన అతిదీర్ఘకెరటములు మన హిందూమహాసముద్రమున పుట్టినవని నిర్ణయించిరి. ఇప్పుడు హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము ఇట్టి దూరాగత కెరటముల రాకను ముందుగా లెక్కగట్టి మత్స్యకారులను హెచ్చరించుచున్నది.

కెరటము ఒడ్డును సమీపించినప్పుడు దాని నడక మారును. అడుగునేల తగులగానే వేగము తగ్గును. రెండు మీటర్ల లోతున అది సెకనుకు నాలుగున్నర మీటర్లు మించజాలదు. ముందరి కెరటము మందగింపగా వెనుకది దాని మీదికి వచ్చును. పొడవు తగ్గి ఎత్తు పెరుగును. తుదకు నీటిలోతు కెరటపు ఎత్తునకు సుమారు ఒకటింబావు రెట్లకు దిగినప్పుడు శిఖరము పాదమును మించి ముందుకు వంగి విరిగిపడును. ఏటవాలుగా వచ్చు కెరటములు సైతము, లోతు తక్కువైన కొస ముందుగా మందగించుటచే, మెల్లగా మలుపు తిరిగి ఒడ్డునకు సమాంతరమగుటకు ప్రయత్నించును. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండచరియవద్ద కెరటములు ఇరుప్రక్కలనుండి వంగి కేంద్రీకరించును గనుక డాల్ఫిన్ నోస్ వంటి కొండముక్కులు అధికతాడనమును భరింపవలసివచ్చును. ఆ శక్తి చెదరిన మెత్తని వంపులలో ఇసుక నిలుచును. కెరటపు ఎత్తు రెట్టింపైనచో అందలి శక్తి నాలుగు రెట్లగునని జ్ఞాపకముంచుకొన్నచో, గాలిదినమున ఒక మూర ఎత్తు పెరుగుటకు ఎంత అర్థమున్నదో గ్రహింపవచ్చును.

ఇట్టి దినమున ముఖద్వారపు ఇసుకమేటలపై చలికాలమందు గుంపుగా నిలుచు గోధుమతల గల్ పక్షులను దగ్గరనుండి చూడుడు. లడాకు, టిబెట్టు పీఠభూములలోని ఎత్తైన సరస్సులవద్ద గ్రుడ్లుపెట్టి, హిమాలయములు దాటి అక్టోబరునందు మన తీరమునకు దిగివచ్చు నీ పక్షులకు చలికాలమున తల తెల్లగానే యుండి, కంటివెనుక ఒక ముదురుమచ్చ మాత్రము మిగిలియుండును. ముక్కు ఎర్రగనుండి కొన నలుపు, రెక్కకొనల నలుపులో తెల్లని మచ్చలు స్పష్టముగా కన్పట్టును. గుంపులోని ప్రతి పక్షియు తన ముఖమును గాలికెదురుగానే ఉంచును. వెనుకనుండి గాలి సోకినచో ఈకలు లేచి, దేహపు వెచ్చదనము పోవును. ఎదురుగా సోకినచో ఈకలు దేహమునకు అంటుకొనును. ఎగురునప్పుడును ఇదే అనుకూలము. రెక్కను మోయునది నేలను బట్టి చూచిన వేగముకాక గాలిని బట్టి చూచిన వేగమగుటచేత, సెకనుకు పది మీటర్ల గాలికెదురుగా నిలిచిన పక్షి ఒక్క అడుగును పరుగెత్తకుండనే, రెక్కలు చాచినంతమాత్రమున పైకి లేచును. అదే వేగముతో గాలికెదురు ఎగురుచున్నచో ఒడ్డుననున్న మనకు అది ఆకాశమున కదలక నిలిచియున్నట్లే కన్పట్టును.

ఆ నిలిచిన పక్షి ముక్కుకొనను గమనించినచో అప్పుడప్పుడు ఒక నీటిబొట్టు మెరసి, పక్షి తల విదిలింపగా జారిపడుట కనబడును. అది నోటిలోని తేమ కాదు. ఉప్పునీరు త్రాగి, ఉప్పునీటిచేపలు తిను పక్షికి ఆ ఉప్పంతయు మూత్రపిండములద్వారా పోవుట సాధ్యము కాదు. కనులపైనున్న రెండు గ్రంథులు రక్తమునుండి ఉప్పును వడగట్టి, సముద్రజలముకంటె గాఢమైన ద్రావణముగా ముక్కురంధ్రములద్వారా వెలువరించును. క్నూట్ ష్మిట్-నీల్సెన్ అను శరీరధర్మశాస్త్రజ్ఞుడు 1950ల చివర ఈ రహస్యమును బయల్పరచెను.

ఒడ్డుననే గరుడపక్షి మరియొక పాఠము నేర్పును. సముద్రపుగాలి కైలాసగిరి, భీమిలి కొండల చరియలను తాకి పైకి మరలుటవలన అచ్చట ఊర్ధ్వముఖమైన వాయుప్రవాహము ఏర్పడును. దానిపై గరుడపక్షి రెక్క కొట్టకయే చరియవెంట ముందునకు వెనుకకు తేలుచుండును. తాను క్రిందికి దిగు వేగమును, గాలి పైకి లేపు వేగమును సమానముగా ఉన్నంతసేపు దానికి శ్రమలేదు. టెర్న్ పక్షుల పద్ధతి భిన్నము. అవి నీటిపై గాలికెదురుగా నిలిచి, చేప కనబడగానే బాణమువలె నిట్టనిలువుగా దూకును. మితమైన గాలి నిలుచు శ్రమను తగ్గించుటచేతను, అలల ముడుతలు చేపకు పక్షినీడను కప్పివేయుటచేతను వాని వేట సఫలమగును; గాలి మితిమీరినచో మసకబారిన నీటిలో చేపయే కనబడక దూకుడు వృథాయగునని 1973లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఇక నీటి అంచున కెరటముతోపాటు వెనుకకును ముందుకును పరుగుతీయు చిన్న ఉల్లంకి పిట్టలలో శాండర్లింగు అనునది ఉత్తరధ్రువప్రాంతమునుండి వచ్చును. తక్కిన ఉల్లంకులకుండు వెనుకవ్రేలు దీనికి లేదు, తడి ఇసుకపై పరుగునకు ముందరి మూడువ్రేళ్ళే చాలును. కెరటము వెనుదిరిగిన రెండు మూడు క్షణములలో ఇసుకలో దాగబోవు పురుగులను ఏరుకొనుట దాని జీవనోపాయము. అనగా కెరటపు వ్యవధియే దాని భోజనపు వ్యవధి.

పక్షులకు చేప దొరకుటలో గాలి పాత్ర ఇంకను లోతైనది. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికను సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, ఇచ్చటి ఆచార్యులతోను విద్యార్థులతోను కలిసి విశాఖయందలి వాల్తేరు తీరజలములను కొలచి, వసంతగ్రీష్మములందు తీరమువెంబడి వీచు నైరృతిగాలి పైనీటిని ఒడ్డునుండి బయటికి నెట్టుననియు, ఆ లోటును భర్తీచేయుటకు చల్లని లోతునీరు పైకివచ్చుననియు తేల్చెను. గాలి తీరమువెంట వీచుచుండ నీరు ప్రక్కకు మరలుట వింతగా తోచవచ్చును. భూభ్రమణమువలన ఉత్తరార్ధగోళమున కదలు నీరు కుడివైపునకు మరలుననియు, పైపొరల మొత్తము కదలిక గాలికి లంబముగా నుండుననియు స్వీడను దేశస్థుడు ఎక్‌మన్ 1905లో వివరించియుండెను. ఆ లోతునీరు లవణపోషకములను వెంటతెచ్చును. వానివలన సూక్ష్మజీవులు, వానివలన చిన్నచేపలు వృద్ధిపొందును. ఉత్తరమునకు మరలిపోవుటకుముందు గల్ పక్షులు కూడబెట్టుకొను కొవ్వులో ఈ గాలి యిచ్చిన భాగమున్నది.

ఇప్పుడు ఇసుకను చూతము. భీమిలి ఒడ్డున గాలిదినము గడచిన మరునాడు తెల్లని ఇసుకపై నల్లని, ఊదారంగు చారలు పరచుకొనియుండును. ఒక చిటికెడు తీసి భూతద్దముక్రింద ఉంచినచో, పారదర్శకమైన స్ఫటికరేణువుల నడుమ దానిమ్మగింజలవంటి గార్నెట్టు, లోహపుమెరపుగల ఇల్మనైటు, సన్నని సిల్లిమనైటు కన్పట్టును. ఇవి తూర్పుకనుమలను కట్టిన ఖోండలైటు మొదలగు శిలలనుండి ఊడివచ్చినవి. ఆ శిలకు 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండలలో వసించు కోదుల పేరుమీదుగా నామకరణము చేసెను. కెరటము ఒడ్డెక్కునప్పుడు సమస్తరేణువులను ఎత్తుకొని వచ్చును. దిగునప్పుడు కొంతనీరు ఇసుకలోనికి ఇంకిపోవుటచే బలము తగ్గి, నీటికంటె 2.65 రెట్లు మాత్రమే బరువైన స్ఫటికమును వెనుకకు కొనిపోవును గాని, సుమారు నాలుగు రెట్లు బరువైన గార్నెట్టును, ఇంకను బరువైన ఇల్మనైటును విడిచిపోవును. నిటారైన తుపానుకెరటములు ఇసుకను సముద్రములోనికి లాగుకొనిపోగా, పొడవైన నిదానపుకెరటములు దానిని తిరిగి ఒడ్డుచేర్చును; వాల్తేరు తీరముయొక్క ఈ కోత, పూడికల చక్రమును గూర్చి లాఫాండు ప్రభృతులు 1954లోనే వ్రాసిరి.

ఏటవాలుగా పడిన కెరటము ఇసుకను ఒడ్డువెంట నడిపించును కూడ. నైరృతిగాలి కాలమున ఉత్తరముగను, ఈశాన్యగాలి కాలమున దక్షిణముగను నడచు నీ ఇసుకలో మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే అధికము. 1933లో తెరువబడిన విశాఖ రేవును నిర్మించునప్పుడు ఈ నడక ప్రవేశమార్గమును పూడ్చకుండుటకై రెండు పాతఓడలను ముంచి అడ్డుగట్టుగా చేసిరి. అప్పటినుండి ఆగిన ఇసుకను త్రవ్వి నగరపు ఒడ్డునకు చేర్చుట అవసరమైనది. చేర్చనిచో ఉత్తరపు ఒడ్డు తరుగును. భీమిలికి దక్షిణముననున్న ఎర్రమట్టి దిబ్బలు ఈ కథలో పురాతనాధ్యాయము. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, మంచుయుగము ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు, సముద్రము నేటికంటె 120 మీటర్లు దిగిపోగా, బయల్పడిన ఇసుకను గాలి ఎత్తి లోపలికి పేర్చినదనియు, అందలి ఇనుముగల ఖనిజములు శిథిలమై తుప్పురంగు పట్టినవనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ దిబ్బల కొండయిసుకను ఒడ్డునకు తెచ్చినది నీరు, దిబ్బగా నిలిపినది గాలి.

ఒడ్డును దాటిన గాలి అంతటితో తన పనిని చాలింపదు. సముద్రముపై తేమను నింపుకొన్న ఆ వాయువు మైదానము దాటి అనంతగిరి చరియనెక్కునప్పుడు, ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడి, గాలికొండ ప్రాంతమున మబ్బై, పొగమంచై, వర్షమగును. ఆ వర్షజలము బొగ్గుపులుసువాయువును కలుపుకొని బొర్రాలోని సున్నపురాతిని మెల్లగా కరగించును. కరగిన సున్నము గోస్తనిలో దిగివచ్చి సముద్రజలమున కలిసిపోవును. ఆ జలమునుండియే ఆలిచిప్పలు తమ గుల్లలను కట్టుకొనును. కొండయే కరగి నీటిద్వారా చిప్పయగుచున్నదని చెప్పుట కవితావేశము కాదు, రసాయనశాస్త్రము. ఇట్టి మేలుచేయు గాలియే మితిమీరినప్పుడు ఎంత హాని చేయగలదో 2014 అక్టోబరు 12న అందరును చూచిరి. ఆనాడు విశాఖవద్ద గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలివేగముతో తీరము దాటిన హుద్‌హుద్ తుపాను సముద్రముతో ఆగక ఘాట్లెక్కి, అరకు ప్రాంతమున గిరిజనరైతుల కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వరుఓకు చెట్లను కూల్చివేసెను. మిరియపుతీగలు అల్లుకొన్న చెట్టు కూలినచో నీడ పోవును. నీడ పోయినచో కాఫీమొక్క ఎండును. వేళ్ళు కదలిన వాలున మట్టి జారును. జారిన మట్టి నదినే చేరును. సముద్రమున పుట్టిన విపత్తునకు కొండవాలు బదులు చెల్లించినది.

కావున తీరమును కాపాడుట రాతిగోడలు కట్టుటతో ముగియు పని కాదు. వాలున చెట్టున్నంతకాలము మట్టి అదుపులో నిలిచి, నది తగినంత ఇసుకనే తగిన కాలమున దింపును. చెట్టు పోయినచో మొదట బురదయు, ఆపై మోడుబారిన నేలయు మిగులును. జలాశయములు మనకు త్రాగునీటిని ఇచ్చుచున్నవి, వానిని వలదనుట సాధ్యము కాదు. కాని వాని అడుగున పేరుకొన్న ఇసుక ఒడ్డునకు రావలసిన వాటాయని గుర్తించి, తీరపు జమాఖర్చులో దానినికూడ వ్రాయవలెను. పక్షుల విషయముననుకూడ ఇంతే. ఇసుకమేట తరిగినచో లడాకునుండి వచ్చిన అతిథికి నిలుచు తావు తరుగును. మన పాఠశాలల విద్యార్థులు ఒక గాలిదినమున భీమిలి ఒడ్డున గడియారము పట్టుకొని కెరటములను లెక్కించి, ఇసుకను భూతద్దముక్రింద పరీక్షించి, మరియొకనాడు అనంతగిరి ఘాటుపై అదే ఖనిజములను రాతిలోనే చూచివచ్చినచో, భౌతికము, భూగర్భము, జీవశాస్త్రము అను మూడు పాఠములు వారికి ఒక్క పాఠమై బోధపడును. ఆ పాఠము బోధపడినవారు కొండను అరకువారి సొత్తనియు, ఒడ్డును భీమిలివారి సొత్తనియు విడదీసి మాటాడరు. ఆ రెండింటి రక్షణను ఒకే ప్రణాళికలో కోరుదురు, కోరవలెను కూడ.